రూటర్ రీసెట్ చేయమన్నది వాళ్లే, తప్పు నాదంటున్నారు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకుని ఆరు నెలల ప్లాన్‌కి ముందే డబ్బు కట్టాం. కనెక్షన్ మా నాన్నగారి పేరు మీద ఉంది. కంపెనీ ఇచ్చిన రూటర్ మొదటి వారం నుంచే మాటిమాటికీ నెట్ ఆగిపోయి మళ్లీ వచ్చేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వెనకాల ఉన్న రీసెట్ బటన్ పిన్నుతో నొక్కి పట్టుకోమన్నారు. నొక్కాక నెట్ పూర్తిగా పోయింది. ఇప్పుడేమో సెట్టింగులు మీరే చెరిపేశారు, మనిషిని పంపాలంటే విడిగా చార్జీ కట్టాలంటున్నారు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను, టెన్షన్‌గా ఉంది. కన్స్యూమర్ కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే కేసు కంటే ముందు చేయాల్సిన పనులున్నాయి, అవి సరిగ్గా చేస్తే చాలావరకు కేసుదాకా పోదు. ఆ చార్జీ మాత్రం ఇప్పుడే కట్టకండి.

ముందు రీసెట్ సంగతి. రూటర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే లోపలి సెట్టింగులు అలాగే ఉంటాయి. పిన్నుతో రీసెట్ నొక్కి పట్టుకుంటే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి పోతుంది, అంటే కంపెనీ టెక్నీషియన్ వచ్చి ఎక్కించిన పీపీపీఓఈ (నెట్‌కి లాగిన్ అయ్యే) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, కంపెనీ నెట్‌వర్క్‌లో మీ కనెక్షన్ ఏ దారిలో వెళ్లాలో చెప్పే వీల్యాన్ నంబరు లాంటివన్నీ చెరిగిపోవచ్చు. ఇవి మీ దగ్గర ఉండేవి కావు, కంపెనీ దగ్గర ఉండేవి. చాలా కంపెనీలు తమ సర్వర్ నుంచే వీటిని మళ్లీ రూటర్‌కి పంపగలవు, మనిషి రానక్కర్లేదు కూడా. నొక్కితే ఏమవుతుందో కస్టమర్ కేర్‌లో కూర్చున్న వ్యక్తికి తెలియాలి, మీకు తెలియాల్సిన పని లేదు. డ్యూటీలో ఉన్న ఉద్యోగి ఇచ్చిన సూచన కంపెనీ ఇచ్చిన సూచన కిందే లెక్క. వాళ్లు చెప్పినట్టు చేసినందుకు పోయిన నెట్‌ని తిరిగి ఇవ్వడానికి మీ దగ్గరే డబ్బు అడగడం సేవాలోపమని గట్టిగా వాదించొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) చెప్పేది దాని గురించే.

కానీ నొక్కమన్నారని రుజువేది? వాళ్లు రేపు కన్స్యూమర్ కమిషన్ (వినియోగదారుల కోర్టు) ముందు "మేం రీస్టార్ట్ మాత్రమే చేయమన్నాం" అంటారు. అందుకే ఈరోజే ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో వాదించి గొంతు పోగొట్టుకోకండి. ఇంత రాస్తే చాలు: "ఫలానా తేదీ ఫలానా సమయానికి ఈ నంబరు నుంచి మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) ఇది. మీ ప్రతినిధి సూచన మేరకే రీసెట్ చేశాను. అప్పటినుంచి సర్వీసు పూర్తిగా లేదు. ఆ కాల్ రికార్డింగ్‌ని భద్రపరచండి. సెట్టింగులు ఉచితంగా పునరుద్ధరించండి." ఈ మెయిల్‌ని వాళ్లు కాదనకుండా ఊరుకున్నా అది మీకు బలమే.

ఇక అసలు సమస్య, రీసెట్‌కి ముందు నుంచీ ఉన్నది. తప్పు ఎక్కడుందో తేలకుండా ఎవరి బాధ్యతో తేలదు. మీ ఇంటి గోడలు అడ్డం, మీ ల్యాప్‌టాప్ పాతది అని కంపెనీ తప్పకుండా అంటుంది. దానికి జవాబు ఒక ల్యాన్ కేబుల్. నెట్ తిరిగి రాగానే ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలిపి పని చేసుకోండి. కేబుల్ మీద కూడా నెట్ ఆగిపోతే గోడల వాదన అక్కడితో సరి. అలా ఆగినప్పుడు రూటర్ లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ లోంచి సిగ్నలే రావట్లేదని అర్థం, వైరు ఎక్కడో వంగింది లేదా తెగింది. ఫైబర్ లైను కలిసిందని చూపే పీఓఎన్ లైటు నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం ఆరిపోతే లైను బాగానే ఉంది, లాగిన్ దగ్గరో సర్వర్ దగ్గరో తేడా ఉంది. లైట్లన్నీ ఒకేసారి ఆరిపోయి మళ్లీ వెలిగితే రూటరో దాని అడాప్టరో చెడి ఉండొచ్చు. వాళ్లిచ్చిన పరికరం, వాళ్లు వేసిన లైను కాబట్టి ఈ మూడూ మామూలుగా కంపెనీ చూసుకోవాల్సినవే. తేదీ, సమయం కనపడేలా చిన్న వీడియో తీసి ఉంచుకోండి.

కేబుల్ మీద అంతా బాగుండి వైఫైలో మాత్రమే ఆగుతుంటే ఉన్నమాట చెప్తాను, కేసు వేయకండి. రూటర్‌ని టీవీ వెనక నుంచో బీరువా పక్క నుంచో తీసి ఇంటి మధ్యలో కాస్త ఎత్తున పెట్టండి, దగ్గర గదుల్లో 5 గిగాహెర్ట్జ్, దూరంగా ఉన్నవాటికి 2.4 వాడండి, రూటర్ సెట్టింగుల్లో వైఫై ఛానెల్ మార్చి చూడండి. స్పీడ్ రావట్లేదని వైఫై మీద తీసిన స్క్రీన్‌షాట్లు కూడా కమిషన్ ముందు పెద్దగా నిలబడవు. మరొకటి, రూటర్ మీరే బయట కొన్నదైతే వారంటీ గొడవ అమ్మినవాళ్లతోనూ తయారీదారుతోనూ, ఇంటర్నెట్ కంపెనీతో కాదు.

ఇంత చేసినా కదలకపోతే ఫిర్యాదు మీద అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఫిర్యాదు పరిష్కార గడువు దాటాక 30 రోజుల్లోపు వేయాలి, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. విడి విడి ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా విచారించదు, దానికి ఉత్తరాలు రాసి నెలలు పోగొట్టుకోకండి. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించండి, కొన్ని కంపెనీలు అక్కడి నుంచి కబురు వస్తేనే కదులుతాయి.

టెలికాం గొడవలు కన్స్యూమర్ కమిషన్‌కి రావని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. 2009లో సుప్రీంకోర్టు ఒక టెలిఫోన్ కేసులో అలా అన్నమాట నిజమే, కానీ 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో ఆ అడ్డంకి లేదని అదే కోర్టు స్పష్టం చేసింది. 2019 చట్టంలో సేవ నిర్వచనంలోనే టెలికాం ఉంది. కనెక్షన్ మీ నాన్నగారి పేరున ఉన్నా ఆయన అనుమతితో వాడుకుంటున్న మీరూ వినియోగదారే, అయినా ఆయన పేరు కూడా కలిపి వేస్తే సాంకేతిక అభ్యంతరాలు రావు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫైల్ చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. వీడియోలు, మెయిళ్లు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ (ఆ ఎలక్ట్రానిక్ రికార్డులు ఎలా తీశారో, అసలైనవేనని తెలిపే పత్రం) జత చేయడం మంచిది.

ఇంటి నుంచి పని చేస్తున్నారు కదా, ఇది వ్యాపార వాడకం అని వాళ్లనొచ్చు. మీది జీతం ఉద్యోగం, ఆ అభ్యంతరం నిలవదు. కానీ జీతం పోయిందని పరిహారం అడగాలంటే కాగితం కావాలి: సెలవు కోత పడిన పే స్లిప్, ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్. కాగితం లేకుండా లక్షలు అడిగితే కమిషన్ మీ మిగతా మాటలను కూడా అనుమానంగా చూస్తుంది. వాడుకోని రోజుల ప్లాన్ సొమ్ము, మానసిక వేదనకు కొంత, ఖర్చులు, ఇంతవరకు అడగండి.

ఈలోగా విసిగిపోయి కనెక్షన్ మూసేయాలనుకుంటే రూటర్‌ని ఊరికే చేతికిచ్చి పంపకండి. సీరియల్ నంబరు, అడాప్టర్‌తో సహా తీసుకున్నట్టు రసీదు రాయించుకోండి, లేకపోతే పరికరం తిరిగివ్వలేదని కొన్ని నెలలకు మీ నాన్నగారి పేరునే బిల్లు రావొచ్చు.