ప్రతి గీతకూ ఒక క్రియ కావాలి

మిత్రమా,

ఆస్ట్రియా న్యాయ తత్వవేత్త హాన్స్ కెల్సన్ న్యాయ సిద్ధాంతాన్ని తెలుగు పాఠకులకు బొమ్మలతో చెప్పాలన్న మీ ఆలోచన నాకెంతో నచ్చింది. వ్యాసం బాగుంది, బొమ్మలు మాత్రం మళ్లీ గీయాలి. పెట్టెలు సరిగానే ఉన్నాయి కానీ వాటిని కలిపే గీతలు ఏమీ చెప్పడం లేదు. ఒక పరీక్ష పెట్టుకోండి. ప్రతి గీత మీదా వేలు పెట్టి పైకి చదవండి. అది క్రియతో ముగిసే వాక్యం కాకపోతే చెరిపేయండి.

మొదటి బొమ్మకు రెండు పెట్టెలు చాలు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194డి సెక్షన్ తీసుకున్నారు, మంచి ఎంపిక. ఎడమ పెట్టెలో ‘హెల్మెట్ లేకుండా బండి నడిపితే’, కుడి పెట్టెలో ‘1,000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సుకు అనర్హత’. మధ్య బాణం మీద ‘పడుతుంది’ అని రాశారు. ఫైన్ పడుతుంది అనే మనం మాట్లాడుకుంటాం. అయితే కెల్సన్ సిద్ధాంతం జారిపోయేది సరిగ్గా ఆ మాట దగ్గరే. లోహాన్ని వేడి చేస్తే వ్యాకోచిస్తుంది. వ్యాకోచించని లోహం కనబడితే ఆ సూత్రం తప్పని తేలిపోతుంది. హెల్మెట్ లేని మనిషి ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరినా చట్టం మాత్రం తప్పు కాదు. అందుకే ‘విధించాలి’ అని రాయండి. ‘-తుంది’కీ ‘-ఆలి’కీ మధ్య మన భాషలో ఉన్న దూరమే కెల్సన్ చెప్పిన ‘ఉన్నది’కీ ‘ఉండవలసినది’కీ ఉన్న దూరం. రెండు బాణాలూ ఒకదాని కింద ఒకటి వేయండి. కార్యకారణానికి నిండు గీత, నియమానికి తెగిన గీత. ఈ గుర్తులు వ్యాసం చివరిదాకా మారకూడదు.

‘విధించాలి’కి కర్త ఎవరో కూడా బాణం కింద రాయండి. ఆ కర్త మేజిస్ట్రేటు. కెల్సన్ లెక్కలో నియమం మొదట మాట్లాడేది అధికారితో, నేరం శిక్షకు షరతుగా వస్తుంది. పేరాల కొద్దీ వివరించినా అందని ఈ సంగతి, కర్త పేరు కనబడగానే పాఠకుడికి అందుతుంది.

రెండోది మెట్ల బొమ్మ. ప్రతి నియమమూ తన పై నియమం నుంచే అధికారం తెచ్చుకుంటుందన్న ఈ ఊహను కెల్సన్ తన శిష్యుడు అడాల్ఫ్ మెర్క్ల్ దగ్గర తీసుకున్నాడు. మీరు అందరిలాగే త్రిభుజం గీశారు. త్రిభుజం చూస్తే పైన కొద్దివి, కింద ఎక్కువ అనే అర్థమవుతుంది. ఏది దేన్నుంచి పుట్టిందో తెలియదు. నిలువు నిచ్చెన గీయండి. అన్నిటికంటే కింద ఒక ఫలానా మనిషికి మేజిస్ట్రేటు వేసిన జరిమానా, దాని పైన 194డి, ఆపైన చట్టాలు చేసే అధికారాన్ని పంచే రాజ్యాంగం 246వ అధికరణం, వాహనాల గురించిన ఉమ్మడి జాబితా 35వ అంశం. అన్నిటికీ పైన, రాజ్యాంగాన్నే ఎందుకు పాటించాలన్న ప్రశ్నకు జవాబుగా నిలిచే మూల నియమం. బాణాలన్నీ పైకే వెళ్లాలి, ‘ఇది ఎందుకు చెల్లుతుంది?’ అని అడుగుతూ. కిందికి కూడా బాణాలు వేస్తే పాఠకుడు తికమకపడతాడు. అడుగు మెట్టును మీరు వదిలేశారు. తీర్పు కూడా ఒక్క మనిషి కోసం పుట్టిన నియమమే. మధ్య మెట్లన్నీ పైదాన్ని అమలు చేస్తూనే కిందిదాన్ని పుట్టిస్తాయి.

త్రిభుజం చేసే ఇంకో చెరుపు ఉంది. అందులో రాష్ట్ర చట్టం తనంతట తనే కేంద్ర చట్టం కిందికి దిగిపోతుంది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూ సంస్కరణల చట్టం గీత, భూమి గురించిన రాష్ట్ర జాబితా 18వ అంశం మీదుగా నేరుగా రాజ్యాంగానికే పోవాలి. అదే రాష్ట్ర ప్రభుత్వం చేసిన మోటారు వాహనాల రూల్స్ మాత్రం కేంద్ర చట్టం కిందే ఉంటాయి, ఎందుకంటే ఆ అధికారాన్ని ఇచ్చింది ఆ చట్టమే. రాసింది ఎవరని చూడకండి, రాసే అధికారం ఎక్కడిదో చూడండి.

మూల నియమం పెట్టెలో మీరు రాజ్యాంగ పీఠిక పెట్టారు. పీఠిక రాసి ఆమోదించిన పాఠం. మూల నియమాన్ని ఎవరూ రాయలేదు, రాజ్యాంగం ప్రకారం నడుచుకోవాలని ముందే ఒప్పుకుని మాట్లాడటమే అది. అందుకని ఆ పెట్టెకు చుక్కల అంచు వేయండి, తేదీ గానీ సెక్షన్ గానీ రాయకండి. 1973 కేశవానంద భారతి తీర్పులోని మౌలిక స్వరూపంతోనూ కలపకండి. 13 మంది న్యాయమూర్తుల్లో 7గురి మాటగా వచ్చిన ఆ తీర్పు 368వ అధికరణం కింద సవరించే అధికారానికి గీసిన హద్దు. దాని చోటు రాజ్యాంగం పెట్టె లోపల. 1960 ముద్రణ దాకా మూల నియమాన్ని ముందస్తు ఒప్పుదలగా చూపిన కెల్సన్, చివరి రచనల్లో దాన్ని కల్పన అన్నాడు. మీరు ఏ కెల్సన్‌ను గీస్తున్నారో బొమ్మ కింద చెప్పండి.

మీ వ్యాసంలో లేని మూడో బొమ్మ ఒకటి కావాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. 1872 కాంట్రాక్టు చట్టాన్ని ఒకే పెట్టెలో పెట్టి రెండు గీతలు వేయండి. 1950 జనవరి 26కు ముందు గీత బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయేది. ఆ రోజు నుంచి, పాత చట్టాలను కొనసాగించే 372వ అధికరణం మీదుగా మన రాజ్యాంగానికి పోతుంది. బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1947 స్వాతంత్ర్య చట్టాన్ని 395వ అధికరణం రద్దు చేసింది కాబట్టి పాత దారి అక్కడ తెగింది. పెట్టెలో అక్షరం మారకుండానే చెల్లుబాటు మూలం మారిపోయింది. పక్కనే భూ సంస్కరణల చట్టాన్ని మళ్లీ గీయండి. 2014 జూన్ 2 తర్వాత తెలంగాణలో దాని గీత పునర్విభజన చట్టం 100వ సెక్షన్ గుండా, కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు సంబంధించిన 3, 4 అధికరణాల మీదుగా సాగుతుంది. ఆ సెక్షన్‌లో ఈ చట్టం పేరే ఉంది. ఇక్కడ రాష్ట్ర చట్టం దారిలో కేంద్ర చట్టం వచ్చింది, పైన చెప్పిన సూత్రం మాత్రం చెడలేదు.

వాస్తవంలో అమలు కావడాన్ని ఎక్కడా బాణంగా వేయకండి. కెల్సన్‌కు అది చెల్లుబాటుకు షరతే కానీ మూలం కాదు. మొత్తం నిచ్చెన చుట్టూ చట్రంగా గీస్తే చాలు. 1958లో పాకిస్థాన్ సుప్రీంకోర్టు దోసో కేసులో సైనిక పాలనకు చట్టబద్ధత ఇవ్వడానికి, అమలైతే చాలు చెల్లుతుందన్నట్టు కెల్సన్‌నే వాడుకుంది. 1972లో ఆస్మా జిలానీ కేసులో ఆ తీర్పును తోసిపుచ్చింది. చట్టాన్ని వర్ణించే సిద్ధాంతాన్ని చట్టంగా వాడితే జరిగే నష్టం ఎంతటిదో ఆ 14 ఏళ్లు చూపిస్తాయి.

బొమ్మలను మీ పాఠకులు ఫోన్‌లోనే చూస్తారు. అడ్డంగా రెండు పెట్టెలు, నిలువుగా ఐదు, ఒక్కో పెట్టెలో ఆరేడు మాటలు మించితే అక్షరాలు నలిగిపోతాయి. తేడా చెప్పే పని రంగుకు ఒప్పగించకండి, గీత ఆకారంతోనే చెప్పండి.

ముందు మూడో బొమ్మ గీసి పంపండి.

మీ శ్రేయోభిలాషి