అమెరికాలోని కెంటకీ యూనివర్సిటీ నుంచి అంతమంది ఎన్‌బీఏకి (అక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌కి) ఎలా వెళ్తున్నారు?

ముఖ్య కారణం, ఎలాగూ ప్రొఫెషనల్ అవుతారనిపించే కుర్రాళ్లు హైస్కూల్ అవగానే కెంటకీనే ఎంచుకోవడం.

ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2006 డ్రాఫ్ట్ నుంచి అందులోకి రావడానికి ఒక నిబంధన ఉంది. అమెరికా కుర్రాడికి డ్రాఫ్ట్ జరిగే ఏడాది ముగిసేలోగా 19 ఏళ్లు నిండాలి, తన బ్యాచ్ హైస్కూల్ పూర్తిచేసి ఏడాది గడవాలి. ఆ ఏడాది ఎక్కడో ఒకచోట ఆడాలి కదా! 2009లో కెంటకీకి కోచ్‌గా వచ్చిన జాన్ కాలిపారి ఆ అవసరాన్ని బాగా పట్టుకున్నారు. ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోయేవాళ్లను మనస్ఫూర్తిగా ఆహ్వానించారు. 2010 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే కెంటకీ ఆటగాళ్లు ఐదుగురు ఎంపికయ్యారు. 2012లో మొదటి రెండు స్థానాలూ వాళ్లవే: ఆంథొనీ డేవిస్, మైకేల్ కిడ్-గిల్‌క్రిస్ట్.

డెవిన్ బుకర్‌నే చూడండి. 2014-15లో కెంటకీ తరఫున ఒక్క మ్యాచ్‌లో కూడా మొదటి ఐదుగురిలో లేడు. ప్రతిసారీ బెంచ్ మీద నుంచే వచ్చాడు, 40 నిమిషాల ఆటలో సుమారు సగం సేపే ఆడాడు. అయినా 13వ స్థానంలో ఎంపికయ్యాడు. రెండేళ్లు తిరగకుండానే ఎన్‌బీఏలో బోస్టన్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో 70 పాయింట్లు కొట్టాడు. అలాంటివాడు బెంచ్ మీద కూర్చున్నాడంటే ఆ జట్టులో పోటీ ఎంత ఉందో ఊహించుకోవచ్చు.

చాలామంది పొరపడేది ఇక్కడే: ఇంతమంది స్టార్లుంటే కప్పులన్నీ వాళ్లవే అనుకుంటారు. కాలిపారి కెంటకీలో 15 సీజన్లు ఉన్నారు, కాలేజీ జట్ల జాతీయ టైటిల్ మాత్రం 2012లో ఒక్కటే. బుకర్ ఉన్న ఆ జట్టు కూడా వరుసగా 38 మ్యాచ్‌లు గెలిచి, సెమీఫైనల్‌లో విస్కాన్సిన్ చేతిలో ఓడిపోయింది. జట్టు ఏటా కొత్తదైతే కుర్రాళ్ల మధ్య సమన్వయం కుదిరేసరికే సీజన్ అయిపోతుంది.