తవిటమ్మ, మస్తాన్‌రావు, మన్రోలప్ప

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పేరు మార్చుకోవాలనుకునేవాళ్ల గురించి పోయిన సంచికలో రెండు మాటలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అదే సంగతి. ఉద్యోగమంతా విజయనగరం జిల్లా బడుల్లో గడిచింది. ఏటా జూన్‌లో అడ్మిషన్ రిజిస్టర్ రాయడం నా పనే. అందుకే పేర్ల గురించి ఎవరేమడిగినా నాకు ఉత్సాహం. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

ప్రశ్న: నా పేరు తవిటమ్మ. మాది పార్వతీపురం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. డ్యూటీ చార్టులో నా పేరు చూసినప్పుడల్లా తోటివాళ్లు నవ్వుకుంటారు. 'తన్వి' అని మార్చుకుంటానంటే మా అమ్మ అన్నం మానేసి కూర్చుంది. ఎందుకమ్మా అంటే చెప్పదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా తవిటమ్మా, నీకు ముందు మీ అమ్మకు పుట్టి పోయిన పిల్లలున్నారేమో కనుక్కో. మీ అమ్మ నోటితో చెప్పలేకపోవచ్చు. పెద్దమ్మనో మేనత్తనో అడుగు.

మన వైపు పుట్టిన పిల్లలు వరసగా దక్కకపోతే, ఆ తరవాత పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప దగ్గర వదిలేసినట్టు చేసేవారు. పిల్లాపాపలతో చల్లగా ఉన్న ఇల్లాలొకామె, ముందే అనుకున్న ప్రకారం, అటుగా వచ్చి బిడ్డను ఎత్తుకునేది. అప్పుడు తల్లి ఆమె ఒళ్లో ఇంత తవుడు పోసి తన బిడ్డను తనే కొనుక్కునేది. ఇక ఆ బిడ్డ ఆ కడుపున పుట్టింది కాదు, ఎవరో పారేస్తే తవుడిచ్చి తెచ్చుకున్నది. పోయిన పిల్లల్ని పట్టుకుపోయిన మృత్యువు దీని జోలికి రాదని నమ్మకం. ఆ తవుడే పేరుగా నిలిచింది: తవుడు, తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ. కుప్ప మీద పెట్టిన పిల్లలు పెంటయ్యలూ కుప్పమ్మలూ అయ్యారు. ఎంగిలి విస్తళ్లలో దొర్లించి పుల్లయ్య అని పెట్టుకున్నవాళ్లున్నారు. తెలంగాణలో బిడ్డ దక్కాలని నలుగురి ఇళ్లలో బిచ్చమెత్తి భిక్షపతి, బిక్షమయ్య, బిచ్చమ్మ అని పిలుచుకున్నారు.

ఒక జూన్ నెలలో ఒక ముసలమ్మ మనవణ్ని బడిలో వేయడానికి తీసుకొచ్చింది. వాడి ముక్కుకు సన్నని రాగి తీగ. పుట్టిన తేదీ అడిగితే, పైడితల్లమ్మ సిరిమాను తిరిగిన మూడో నాడంది. పేరు అడిగితే తవుడంది. పక్కన కూర్చున్న మాస్టారు 'త్రినాథ్ అని రాద్దాం, పెద్దయ్యాక బాగుంటుంది' అన్నారు. ఆవిడ నా బల్ల పట్టుకుని, 'తవుడనే రాయండి టీచరమ్మా, మంచి పేరెట్టేస్తే ఎవులి కళ్లయినా పడిపోతాయి' అంది. తవుడనే రాశాను. ఇలాంటి పేర్లు వినగానే తమకు తోచిన పేరు రిజిస్టర్లో ఎక్కించేసిన ఉపాధ్యాయులు మన జిల్లాలో తక్కువేం కాదు. పిల్లలకు మేలు చేస్తున్నామనే అనుకున్నారు. కానీ ఒక తల్లి బిడ్డను దక్కించుకోవడానికి పడ్డ పాట్లను కలంపోటుతో కొట్టేసే అధికారం మనకెవరిచ్చారని నేను అప్పుడూ వాదించాను, ఇప్పుడూ అదే అంటాను.

పేరు మాత్రం నీదమ్మా. ఉంచుకోవడమైనా మార్చుకోవడమైనా నీ ఇష్టమే. సీబీఎస్‌ఈ సర్టిఫికెట్లలో పేరు మార్పు గురించిన కేసులో 2021లో సుప్రీంకోర్టు, తన పేరు మీద మనిషికి ఉండే హక్కు భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. మార్చుకోవాలనే అనుకుంటే నోటరీ అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, గెజిట్ ప్రచురణ కావాలి. ఆ పైన ఆధార్, పాన్, బ్యాంకు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒక్కొక్కటీ దిద్దించుకోవాలి. చదువుకున్న సర్టిఫికెట్లలో పాత పేరే ఉంటుంది కాబట్టి గెజిట్ ప్రతి ఎప్పుడూ దగ్గరుండాలి.

ఆ కాగితాలకు తిరిగే ముందు ఒకసారి ఊరెళ్లిరా. నిన్ను ఎత్తుకున్నావిడ ఎవరో, ఎవరి చేటలో పడుకోబెట్టారో తెలుసుకో. ఆవిడ బతికుంటే వెళ్లి కాళ్లకు దండం పెట్టు. ఇదంతా విన్నాక కూడా తన్వి అనే పిలిపించుకోవాలనిపిస్తే మీ అమ్మకు నేనే ఉత్తరం రాస్తాను. ఇక నవ్వేవాళ్ల సంగతి. పసిపిల్లల ప్రాణాలు కాపాడే ఆసుపత్రిలో అందరికంటే ముందు గౌరవించాల్సిన పేరు నీదే. వాళ్లకు తెలియదు, నువ్వు చెప్పు.

ప్రశ్న: మాది పల్నాడు. మేం హిందువులం. నా పేరు మస్తాన్‌రావు. బెంగళూరులో అద్దె ఇంటి కోసం ఫోన్ చేస్తే పేరు వినగానే 'ముస్లిములా?' అంటారు. కాదంటే 'అయితే వచ్చి చూసుకోండి' అంటారు. ఈ పేరు మా ఇంట్లోకి ఎలా వచ్చింది? మా అబ్బాయికి తాతల పేరుగా ఇదే పెట్టాలని ఉంది, భయంగానూ ఉంది.

జవాబు: మస్తాన్‌రావు గారూ, మీ నాయనమ్మో అమ్మమ్మో దర్గాకు మొక్కుకుని ఉంటారు. గుంటూరులో మస్తాన్ దర్గా ఉంది, నెల్లూరు దగ్గర కసుమూరులో మస్తాన్‌వలీ దర్గా ఉంది. బిడ్డ పుడితే నీ పేరు పెట్టుకుంటామని మొక్కుకోవడం, పుట్టాక పెట్టుకోవడం ఆ చుట్టుపక్కల జిల్లాల్లో అన్ని కులాల్లోనూ ఉంది. మస్తానయ్య, మస్తానమ్మ, నాగూరు దర్గాకు మొక్కుకుంటే నాగూరయ్య. రాయలసీమలో దస్తగిరి, ఫక్కీరప్ప, హుసేనమ్మ. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రానికి కుళ్లాయిస్వామి పీరు లేస్తే హిందువులూ ముస్లిములూ కలిసే మొక్కుతారు. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అన్న పేర్లు రెండు వైపులా వినపడతాయి. మొక్కిన చోటి పేరు పెట్టుకోవడం మనకు కొత్త కాదు. యాదగిరిగుట్టకు మొక్కితే యాదయ్య, కొమురెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, పెంచలకోనకు మొక్కితే పెంచలయ్య, సింహాచలం అప్పన్నకు మొక్కితే ఆడైనా మగైనా సింహాచలం.

పేరు విని ఇల్లు ఇవ్వనివాళ్ల గురించి మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, సిగ్గు వాళ్లది. ఇంకొక్క మాట. మీరు 'కాదండీ' అనగానే తెరుచుకునే ఆ తలుపు, నిజంగా ముస్లిమైన మస్తాన్‌కు తెరుచుకోదు. అది మిమ్మల్ని బాధపెడుతోందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అబ్బాయికి పెట్టండి. ఎందుకు పెట్టారో వాడికి ఊహ తెలిశాక చెప్పండి.

ప్రశ్న: మా ముత్తాత పేరు మన్రోలప్ప. ఇది ఏ దేవుడి పేరు? – అనంతపురం జిల్లా పాఠకుడు

జవాబు: దేవుడు కాదు నాయనా, కలెక్టరు. 1800లో నిజాం మీ రాయలసీమను ఈస్టిండియా కంపెనీవాళ్లకు అప్పగించాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో. 1807 దాకా అక్కడే ఉన్నాడు. డేరాల్లో మకాం పెట్టి ఊరూరూ తిరిగాడు. పొలాలు కొలిపించి, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైతువారీ పద్ధతి నిలబెట్టాడు. తరవాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో మళ్లీ సీమకు వచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన మీది గురితో సీమ జనం పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పెట్టుకున్నారు. పన్ను వసూలు చేసిన దొర పేరు పెట్టుకోవడమేమిటని ఇవాళ మనకనిపించవచ్చు. తన గోడు ఆగి విన్న మనిషిని రైతు గుర్తు పెట్టుకున్నాడు, అందులో నాకు తప్పు కనిపించదు. కాలం కూడా పేర్లు పెడుతుంది. నాస్తికోద్యమకారుడు గోరా, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పేరు ఏ తరంలో మొదలైందో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా పాపది ఆరుద్ర నక్షత్రం మూడో పాదం. 'ఙ' అక్షరంతో పేరు పెట్టాలంటున్నారు. పది నెలలుగా వెతుకుతున్నాం, దొరకలేదు. మా నాన్నగారు పట్టు వదలడం లేదు. జనన ధ్రువపత్రంలో పేరు ఖాళీగా ఉంది. – ఖమ్మం

జవాబు: 'ఙ'తో మొదలయ్యే పేరు ఎంత వెతికినా దొరకదమ్మా. ఆరుద్రకే చెందిన మిగతా అక్షరాల్లో 'కు' ఉంది కదా, దానితో పెట్టుకోవచ్చని మీ పురోహితుణ్నే నాన్నగారికి చెప్పమనండి. కాదంటే పూజకూ సంకల్పానికీ జన్మనామం వేరు, నలుగురూ పిలిచే పేరు వేరు. పూర్వం నుంచీ ఉన్న పద్ధతే.

ధ్రువపత్రం సంగతి మాత్రం వాయిదా వేయకండి. జననం నమోదైన రోజు నుంచి 12 నెలల లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. అది దాటితే ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల లోపు చేర్పించుకోవచ్చు. మీకింకా గడువుంది. ఈ వారంలోనే జననం నమోదైన మున్సిపాలిటీకో పంచాయతీకో వెళ్లి రాయించేయండి.