టెక్ సందేహాలు: ఒరాకిల్ ర్యాక్‌కి రాకీ లైనక్స్ వేయొచ్చా?

ప్రశ్న: మాది కో-ఆపరేటివ్ బ్యాంకు. రెండు నోడ్ల (సర్వర్ల) ఒరాకిల్ 19సీ ర్యాక్, అంటే ఒకే డేటాబేస్‌ని రెండు సర్వర్లు కలిసి నడిపే ఏర్పాటు, ఇన్నాళ్లూ సెంట్‌ఓఎస్ 7 లైనక్స్ మీద నడిపాం. ఇప్పుడు కొత్త సర్వర్లు వస్తున్నాయి. రాకీ లైనక్స్ ఫ్రీ కదా, రెడ్‌హ్యాట్ లాంటిదే కదా, అదే వేసేయమంటున్నారు మా మేనేజర్. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏది వేయమంటారు? (ఒక డీబీఏ, విజయవాడ)

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. రాకీ మంచి ఓఎస్సే, వెబ్ సర్వర్లకైతే కళ్లు మూసుకుని వేసుకోండి. దాని మీద ర్యాక్ ఇన్‌స్టాల్ కూడా అవుతుంది, నడుస్తుంది. కానీ ఏ అర్ధరాత్రో ఒక నోడ్ దానంతటదే రీబూట్ అయి, మీరు ఒరాకిల్‌కి సర్వీస్ రిక్వెస్ట్ పెడితే వాళ్లు మొదట చూసేది మీ ఓఎస్ సర్టిఫైడా కాదా అని. 19సీకి సర్టిఫై చేసిన లైనక్స్‌లలో మనకు పనికొచ్చేవి మూడే: ఒరాకిల్ లైనక్స్, రెడ్‌హ్యాట్, సూసే. రాకీ, దానిలాంటిదే అయిన ఆల్మా లైనక్స్ ఆ జాబితాలో లేవు, మీరు ఇన్నాళ్లూ నడిపిన సెంట్‌ఓఎస్ కూడా లేదు. పైగా సెంట్‌ఓఎస్ 7కి 2024 జూన్ 30తో గడువు అయిపోయింది, సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు. జనం డబ్బు లెక్కలు ఉండే డేటాబేస్‌ని అలా వదిలేయడం నాకు అస్సలు నచ్చదు.

మీరు ఒరాకిల్ లైనక్స్ 9 వేయండి. డౌన్‌లోడ్, వాడకం, అప్‌డేట్లు అన్నీ ఉచితమే, సపోర్ట్ కావాలంటేనే కొనుక్కోవాలి, కాబట్టి మీ మేనేజర్ గారి ఫ్రీ మాట కూడా నెగ్గుతుంది. దాని ప్రీమియర్ సపోర్ట్ 2032 జూన్ వరకు ఉంది (8వ వెర్షన్‌కైతే 2029 జూలై). ఇప్పటికే రెడ్‌హ్యాట్ సబ్‌స్క్రిప్షన్ ఉంటే అదీ బాగానే ఉంటుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, 19.3 బేస్ ఇమేజ్‌కి (19సీ అసలు ఇన్‌స్టాల్ ఫైలుకి) ఈ కొత్త వెర్షన్లు తెలియవు, నేరుగా మొదలుపెడితే ఐఎన్‌ఎస్-08101 ఎర్రర్‌తో అక్కడే ఆగిపోతుంది. అందుకే తాజా రిలీజ్ అప్‌డేట్‌ని (ఒరాకిల్ ఇచ్చే ప్యాచ్‌ల కట్టని) ముందే దించుకుని, దాన్ని కలిపి ఇన్‌స్టాల్ చేయండి.

ఇక ఓఎస్ వేశాక చాలామంది వదిలేసేది మెమరీ సంగతి. ప్రీఇన్‌స్టాల్ ప్యాకేజీ యూజర్లనీ గ్రూపులనీ కెర్నల్ పారామీటర్లనీ పెట్టేస్తుంది కానీ హ్యూజ్ పేజీల (మెమరీని పెద్ద ముక్కలుగా పంచే పద్ధతి) లెక్క మీరే వేయాలి. మీ ఎస్‌జీఏ (ఒరాకిల్ సెషన్లన్నీ పంచుకునే మెమరీ) 64 జీబీ అనుకుందాం. మామూలు 4 కేబీ పేజీలైతే కోటీ 67 లక్షల పైచిలుకు పేజీలు. ఒక సెషన్ ఆ ఎస్‌జీఏ మొత్తాన్ని తాకితే దాని పేజ్ టేబుల్‌కే (ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టికకే) 128 ఎంబీ పోతుంది, అలాంటివి 300 సెషన్లుంటే పేజ్ టేబుళ్లే 37 జీబీ దాటి తినేస్తాయి. అదే 2 ఎంబీ హ్యూజ్ పేజీలైతే 32,768తో సరిపోతుంది. ఆటోమేటిక్ మెమరీ మేనేజ్‌మెంట్‌కీ హ్యూజ్ పేజీలకీ పొసగదు, కాబట్టి మెమరీ టార్గెట్‌ని సున్నా చేసి ఎస్‌జీఏ, పీజీఏ (ఒక్కో సెషన్ సొంత మెమరీ) విడివిడిగా పెట్టండి. పేరు ఒకేలా ఉన్నా ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు వేరు, వాటిని ఆపేయాలి. అవి ఆన్‌లో ఉంటే ర్యాక్ నోడ్లు ఉన్నట్టుండి రీబూట్ అవ్వచ్చని ఒరాకిలే హెచ్చరిస్తోంది. నోడ్ల మధ్య ప్రైవేట్ నెట్‌వర్క్ మీద హార్ట్‌బీట్ (నేను బతికే ఉన్నానని నోడ్ పంపే సంకేతం) 30 సెకన్లు అందకపోతే క్లస్టర్ ఆ నోడ్‌ని బయటికి తోసేస్తుంది మరి.

కెర్నల్ ఆటో అప్‌డేట్ కూడా ఆపేయండి. స్టోరేజ్ కోసం ఒరాకిల్ ఇచ్చే ఏసీఎఫ్ఎస్ గానీ ఏఎస్ఎం ఫిల్టర్ డ్రైవర్ గానీ వాడుతుంటే వాటి మాడ్యూళ్లు కెర్నల్ వెర్షన్‌తో ముడిపడి ఉంటాయి, కెర్నల్ మారితే అవి లోడ్ కాకపోవచ్చు. అప్‌డేట్‌ని టెస్ట్ క్లస్టర్‌లో చూసుకుని, ఆ తర్వాత ఒక్కో నోడ్‌కీ వేయండి.

అన్నట్టు మీది స్టాండర్డ్ ఎడిషన్ 2 లైసెన్స్ అయితే 19సీ నుంచి అందులో ర్యాక్ లేదు. ఆ కాగితం ముందు చూసుకోండి.

ప్రశ్న: మాది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, పత్రోనితో (ప్రైమరీ పడిపోతే ఇంకో నోడ్‌ని ముందుకు తెచ్చే టూల్) మూడు నోడ్లు, ఉబుంటు 18.04. కొత్త నోడ్‌ని 22.04తో రెప్లికాగా (ప్రైమరీకి నకలుగా) చేర్చి, తర్వాత దాన్నే ప్రైమరీ చేద్దామనుకుంటున్నాం. పర్వాలేదా? (హైదరాబాద్)

జవాబు: ఆగండి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా అక్షరాల వరుస కోసం ఓఎస్‌లోని జీలిబ్‌సీ (లైనక్స్ మూల లైబ్రరీ) మీద ఆధారపడుతుంది. ఆ వరుస 2.28 వెర్షన్‌లో బాగా మారింది. 18.04లో ఉన్నది 2.27, 22.04లో 2.35. రెప్లికాకి ఇండెక్స్ ఉన్నదున్నట్టు కాపీ అవుతుంది కానీ అక్కడి ఓఎస్ వేరే వరుసలో వెతుకుతుంది. దాంతో టేబుల్‌లో ఉన్న కస్టమర్ పేరు సెలెక్ట్‌లో దొరకదు, యూనిక్ కాలమ్‌లో డూప్లికేట్లు దూరిపోతాయి, ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు. లాజికల్ రెప్లికేషన్‌తో (ఫైళ్లు కాకుండా డేటా మార్పులనే పంపే పద్ధతి) మారండి, లేదా మారిన వెంటనే, అప్లికేషన్ని రాయనివ్వకముందే, టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయండి. సెంట్‌ఓఎస్ 7 నుంచి ఆల్మా 8కో 9కో వెళ్లేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది, అక్కడ 2.17 నుంచి నేరుగా 2.28కో ఆపైకో దూకుతారు.

ప్రశ్న: మా టీమ్‌కి విండోస్ ఒక్కటే వచ్చు. ర్యాక్ దాని మీదే పెట్టుకోవచ్చా? (గుంటూరు)

జవాబు: విండోస్ సర్వర్ మీద 19సీ ర్యాక్ సర్టిఫైడే, పెట్టుకోవచ్చు. కానీ మీలో ఒకరైనా లైనక్స్ నేర్చుకోవడానికి సిద్ధంగా ఉంటే అటే వెళ్లమంటాను, ఎందుకంటే ర్యాక్ నడిపేవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఉన్నారు, మీకు వచ్చే ఎర్రర్ వాళ్లలో ఎవరో ఒకరికి ముందే వచ్చి ఉంటుంది.