‘మా తండ్రీ’ అనలేని వారి ప్రశ్న

ప్రశ్న: మా నాన్నగారు చాలా కోపిష్టి. చిన్న పొరపాటుకే చేయి చేసుకునేవారు. పరీక్షల్లో మంచి మార్కులు వచ్చిన రోజున మాత్రం దగ్గరకు తీసుకునేవారు. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని ప్రార్థన మొదలుపెట్టగానే నాకు ఆయన ముఖమే గుర్తుకొచ్చి భయం వేస్తుంది. ‘ప్రభువా’ అనగలను గాని ‘తండ్రీ’ అనలేకపోతున్నాను. ఇది అవిశ్వాసమా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదు, సహోదరీ. బైబిల్లోని కీర్తనకారులు తమ ప్రార్థనల్లో దేవుణ్ణి ఎక్కువగా కాపరి అనీ, ఆశ్రయదుర్గమనీ, రాజనీ పిలిచారే గాని తండ్రీ అని సంబోధించింది బహు అరుదు. సిలువ మీద ప్రభువు కూడా ఒక ఘడియలో ఇరవై రెండవ కీర్తన మాటలతో ‘నా దేవా, నా దేవా’ అనే మొరపెట్టాడు. కాబట్టి ఇప్పుడు మీ నోట రాగలిగిన పేరుతోనే ప్రార్థించండి. ఆ ప్రార్థన తక్కువది కాదు.

అయితే మీ ప్రశ్న వెనుక మరొకటి ఉంది: దేవుడు మీ నాన్నగారి లాంటివాడేనా? మనకు తెలిసిన తండ్రిని కొలతగా పెట్టుకొని, ఆ రూపాన్నే పెంచి పరలోకంలో నిలబెట్టుకోవడం మనలో చాలామందికి తెలియకుండానే జరిగిపోతుంది. క్రైస్తవ విశ్వాసం మాత్రం కుమారుడైన యేసు వైపు నుండి మొదలవుతుంది. తండ్రిని మాకు చూపించమని శిష్యుడైన ఫిలిప్పు అడిగినప్పుడు, నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడని యేసు జవాబిచ్చాడు (యోహాను 14:9). అంటే కుష్ఠరోగిని తాకిన చేయి, చిన్నపిల్లలను ఎత్తి కౌగిలించుకున్న చేయి ఎవరిదో, తండ్రి స్వభావం అక్కడే తెలుస్తుంది. మిమ్మల్ని కొట్టిన చేతిలో కాదు. భూమి మీది తండ్రులను దేవుని కొలతతో చూడాలి గాని, దేవుణ్ణి వారి కొలతతో చూడకూడదు. ఆ కొలతకు మీ నాన్నగారు తూగలేదని చెప్పడం ఆయనను అవమానించడం కాదు.

ఆస్తిలో తన వాటా తీసుకెళ్లి, అంతా పాడుచేసుకొని ఇంటికి తిరిగివచ్చిన కుమారుని గురించి లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఉపమానం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఈసారి చిన్న కుమారుడు దారిలో సిద్ధం చేసుకున్న మాటలను గమనించండి: పరలోకానికీ నీకూ విరోధంగా పాపం చేశాను, నీ కుమారుడనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో. ఇంటి దగ్గరకు వచ్చాక వాడు మొదటి రెండు మాటలే అంటాడు. కూలివానిగా పెట్టుకోమన్న మాట బయటికి రాకముందే తండ్రి ప్రశస్త వస్త్రం తెమ్మని దాసులను పురమాయిస్తాడు. మార్కులు చూసి దగ్గరకు తీసే ప్రేమకు అలవాటుపడిన మనసుకు ఇది మింగుడుపడడం కష్టమే. ఆ కథలో మీకు ఇంకా దగ్గరివాడు పెద్ద కుమారుడేమో అనిపిస్తోంది. ఇన్నేళ్లుగా సేవ చేస్తున్నాను, ఎన్నడూ ఆజ్ఞ మీరలేదు అని లెక్క అప్పజెప్పిన వాడు, ఇంట్లోనే ఉంటూ దాసునిలా బ్రతికాడు. తమ్ముడు తిరిగివచ్చాడని చేసిన విందుకు వాడు కోపంతో లోపలికి రాకపోతే, ఆ విందు వదిలి తండ్రి వాని కోసం కూడా బయటికి వచ్చి, బతిమాలి, ‘కుమారుడా’ అని పిలిచాడు. ప్రసంగాల్లో ఈ భాగానికి చాలినంత చోటు దొరకదు; నా అభిప్రాయంలో ఉపమానం బరువంతా ఇక్కడే ఉంది.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో భయపడే దాస్యపు ఆత్మకు ఎదురుగా దత్తపుత్రాత్మను, అంటే మనల్ని దేవుని పిల్లలుగా చేసే ఆత్మను, నిలబెట్టాడు. రోమా చట్టం ప్రకారం దత్తతకు వచ్చినవాడికి ఆ ఇంట పుట్టిన కుమారునికున్న వారసత్వపు హక్కు లభించేది. యోగ్యత నిరూపించుకున్నాక పిల్లలం కావడం లేదు. పిల్లలమైన తరువాతే ఎదగడం మొదలవుతుంది.

‘ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించును’ అనే వచనాన్ని మీ మీద ప్రయోగించినవారు ఉండే ఉంటారు. అదే భాగంలో హెబ్రీ పత్రిక రచయిత, మన తండ్రులు తమకు ఇష్టం వచ్చినట్టు శిక్షించారనీ, దేవుడైతే మన మేలు కోసమే శిక్షిస్తాడనీ తేడా చూపిస్తాడు (12:10). పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు చేసిన హెచ్చరిక ఎఫెసీ పత్రికలో ఉంది. మీ బాల్యంలో జరిగినదానికి లేఖనాల్లో సమర్థన లేదు. నాన్నగారిని క్షమించడం గురించి మీరు అడగలేదు, నేనూ తొందరపెట్టను. ‘నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును’ అన్న కీర్తన (27:10) మాత్రం ప్రార్థనలో పెట్టుకోండి. తల్లి ప్రేమ మీకు సులభంగా అర్థమయ్యేదైతే, చంటిపిల్లను తల్లి మరచినా నేను నిన్ను మరువనన్న యెషయా 49:15 కూడా ఆయన మాటే. ఆ భయం దేహాన్నీ నిద్రనూ పట్టి పీడిస్తుంటే మానసిక వైద్యుల సహాయం తీసుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

ప్రశ్న: దేవుడు ప్రేమగల తండ్రి అయితే, అడిగినది ఎందుకు ఇవ్వడు?
– ఒక పాఠకుడు

జవాబు: రొట్టె అడిగితే రాయినిచ్చే తండ్రి ఉండడని యేసు చెప్పిన మాట (మత్తయి 7:9) మీ మనసులో ఉండవచ్చు. ఆ మాట చెప్పినవాడే సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ‘అబ్బా తండ్రీ’ అని పిలిచి (‘అబ్బా’ అంటే అరామిక్ భాషలో తండ్రీ అనే), ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని వేడుకున్నాడు. గిన్నె తొలగలేదు. మీ విన్నపం ఎందుకు నెరవేరలేదో నేను చెప్పలేను. అలా చెప్పగలమనేవారిని నమ్మవద్దని మాత్రం అంటాను. అయితే ప్రియకుమారుని విన్నపానికే ఆ రాత్రి అలాంటి జవాబు వచ్చినప్పుడు, అడిగినది దొరకకపోవడాన్ని తండ్రి ప్రేమ లేదనడానికి రుజువుగా తీసుకోలేము. మరునాడు ప్రాణం విడుస్తూ ఆయన తన ఆత్మను అప్పగించుకున్నది ఆ తండ్రి చేతికే (లూకా 23:46).