లారీలో తగిలిన దెబ్బను సైటులో తగిలిందని రాయించాలా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. మా తమ్ముడు సింగపూర్‌లో ఒక నిర్మాణ కంపెనీలో పనిచేస్తున్నాడు. సుమారు పది నెలల క్రితం, రాత్రి సైటు నుంచి డార్మిటరీకి లారీ వెనకాల కూర్చుని వస్తుంటే డ్రైవర్ సడన్ బ్రేక్ వేశాడు. కమ్మీకి గుద్దుకుని వెన్నుపూస విరిగింది. సూపర్‌వైజర్ చెప్పమన్నాడని ఆసుపత్రిలో 'బాత్రూమ్‌లో జారిపడ్డాను' అని చెప్పాడట. ఇప్పుడు కంపెనీ 3,000 డాలర్లు తీసుకుని, కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి పొమ్మంటోంది. దారిలో జరిగినదానికి పరిహారం రాదు, సైటులో పడ్డానని రాయిస్తేనే వస్తుందని తోటివాళ్లు చెబుతున్నారు. అమ్మ తిండి మానేసింది. మనుషుల్ని గొడ్లలా లారీల్లో తోలుతుంటే కేసు వెయ్యలేమా?

జవాబు: మీరు నాలుగు పేజీలు రాశారు, ప్రమాదం జరిగిన తేదీ మాత్రం ఎక్కడా రాయలేదు. 'సుమారు పది నెలలు' అంటే తొమ్మిదిన్నరా, పదకొండున్నరా? అక్కడి పని ప్రమాదాల పరిహార చట్టం కింద, అక్కడివాళ్లు 'వికా' అంటారు, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడాదిలోపు క్లెయిమ్ పెట్టాలి. ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారో నాకు అర్థం కాలేదు. ఈ రాత్రే ఫోన్ చేసి తేదీ కనుక్కోండి.

ఇక రెండోది, అసలైనది, ఆ లారీ ఎవరిది అన్నది. కంపెనీదో, కంపెనీ కిరాయికి పెట్టినదో అయితే, పనికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అందులో తగిలిన దెబ్బ పనిలో తగిలిన దెబ్బ కిందకే వస్తుందని చట్టంలోనే ఉంది. డ్రైవర్ తప్పు నిరూపించాల్సిన పని కూడా లేదు. తోటివాళ్లు చెప్పింది తప్పు. 'సైటులో పడ్డాను' అని దయచేసి రాయించకండి. అబద్ధపు క్లెయిమ్ అక్కడ నేరం, జరిమానాతో పాటు జైలు కూడా పడొచ్చు. అవసరమే లేని అబద్ధం కోసం ఉన్న హక్కును పాడుచేసుకుంటారా? ఇప్పటికే 'బాత్రూమ్' అని ఒక అబద్ధం ఆసుపత్రి రికార్డులో కూర్చుంది. దాని మీద 'సైటు' అని ఇంకోటి చేర్చితే మూడో మాటగా నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. బాత్రూమ్ అని ఎందుకు చెప్పాడో, ఎవరు చెప్పమన్నారో ఉన్నది ఉన్నట్టు అక్కడి కార్మిక శాఖకు, అంటే ఎంఓఎంకు, క్లెయిమ్‌తోపాటే రాయాలి.

మరి సాక్ష్యం? మీ ఉత్తరం మూడో పేజీలో, ఒక మూలన, ఆ రాత్రి తమ్ముడు మీ మరదలికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడని రాశారు: 'లారీ బ్రేక్ కొట్టాడే, నడుం కదలట్లేదు, నువ్వు అమ్మకి చెప్పకు'. నాలుగు పేజీల్లోనూ కేసుకు అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. ఆ మెసేజ్‌కు తేదీ, టైము ఉంటాయి. ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చెయ్యకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. ఫార్వర్డ్ చేసిన కాపీలు ఎన్ని ఉన్నా అసలు మెసేజ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. తర్వాత, 2023 జనవరి నుంచి అక్కడ కార్మికుల్ని వెనక ఎక్కించుకునే లారీకి, డ్రైవర్ నిద్రపోకుండా చూసే 'బడ్డీ' ఒకడు ఉండాలి. అతనెవరో, ఆ రాత్రి వెనక పక్కన కూర్చున్నవాళ్లెవరో, లారీ నంబరు ఏమిటో రాసి పెట్టుకొమ్మనండి. వాళ్లూ ఉద్యోగ భయంతో ఉంటారు, నిజమే, అయినా అడగాలి. స్కానింగ్ ఫిల్ములు, ఎంసీ చీటీలు (డాక్టరు సెలవు రాసిచ్చినవి), ఆ నెలల జీతం స్లిప్పులు కూడా కావాలి. ఎంసీలో ఉన్న రోజులకు కూడా జీతం రావాల్సి ఉంది, అది ఇచ్చారో లేదో మీరు చెప్పలేదు.

లారీల్లో తోలడం మీద కేసు వెయ్యలేమా అని అడిగారు. మీ కోపం న్యాయమైనదే, నాకూ ఆ కోపం ఉంది. కానీ సరుకు లారీ వెనక మనుషుల్ని ఎక్కించకూడదన్న అక్కడి చట్టమే, పనికి తీసుకెళ్లే కార్మికులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 2021 ఏప్రిల్‌లో పాన్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇలాంటి లారీయే ఆగి ఉన్న టిప్పర్‌ను గుద్ది ఇద్దరు పోయారు. 2023లో స్వచ్ఛంద సంస్థలు దీన్ని నిషేధించమని గట్టిగా అడిగితే, వ్యాపార సంఘాలు ఖర్చు, బస్సుల కొరత అన్నాయి, ప్రభుత్వం నిషేధానికి ఒప్పుకోలేదు. బెల్టు లేని ఇనుప పలక మీద మనిషిని కూర్చోబెట్టడం ఏ దేశంలోనైనా తప్పే, ఆ పోరాటం జరగాలి. మీ తమ్ముడి పరిహారం మాత్రం దాని కోసం ఆగలేదు, ఆగకూడదు కూడా.

సంతకం పెట్టొద్దు. పరిహారం లెక్క వయసు, నెల సంపాదన, వైకల్యం శాతం మీద ఉంటుంది. శాశ్వత వైకల్యానికి గరిష్ఠ పరిమితి 2025 నవంబరు 1కి ముందు జరిగిన ప్రమాదాలకు 2,89,000 డాలర్లు, ఆ తర్వాతవాటికి 3,46,000. అంతా వస్తుందని కాదు, 3,000 ఎంత తక్కువో తెలియాలని చెబుతున్నాను. నష్టపరిహారం కోసం సివిల్ దావా కూడా వెయ్యొచ్చు, దానికి మూడేళ్ల గడువు, కానీ అందులో కంపెనీ నిర్లక్ష్యం నిరూపించాలి. వికా, దావా రెండింటి కిందా డబ్బు తీసుకోవడం కుదరదు. ఇప్పుడున్న సాక్ష్యంతో నేనైతే వికాకే వెళ్తాను.

టికెట్ కొనిచ్చారని విమానం ఎక్కొద్దు. కంపెనీ వర్క్ పర్మిట్ రద్దు చేసినా, క్లెయిమ్ నడుస్తుంటే అక్కడ ఉండటానికి ఎంఓఎం స్పెషల్ పాస్ ఇస్తుంది. ఏజెంటు పంపిన వకీలు ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టొద్దనండి. ముందు మైగ్రంట్ వర్కర్స్ సెంటర్‌కో, ట్రాన్సియెంట్ వర్కర్స్ కౌంట్ టూ అనే సంస్థకో వెళ్లమనండి, క్లెయిమ్ పెట్టడంలో వాళ్లు సాయం చేస్తారు. మీరు ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. కంపెనీ ఇచ్చిన ఆ కాగితాన్ని ఫోటో తీసి రేపటికల్లా నాకు పంపండి, పైన ప్రమాదం తేదీ రాసి.