న్యూట్లకు తిరుపతి చలి ఒక లెక్క కాదు

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి బెంగళూరు నుంచి ఎర్రపొట్ట చైనా న్యూట్లు (బల్లిలా కనిపించే, కప్పల్లాంటి ఉభయచరాలు) రెండు తెచ్చాడు. చలికి తట్టుకోవని షాపులో చెబితే హీటర్ పెట్టి నీళ్లు 27 డిగ్రీలకు తెచ్చాం. అప్పటి నుంచి తిండి ముట్టడం లేదు. నీళ్లు వదిలేసి రాయెక్కి కూర్చుంటున్నాయి. ఇది శీతాకాల సుప్తావస్థేనని, ఫ్రిజ్‌లో పెడదామని మావాడు అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ హీటర్ ప్లగ్ తీసేయండి. తర్వాత మిగతాది చదవండి.

మీ న్యూట్లది నిద్ర కాదు, ఉక్కపోత. వాటికి 16 నుంచి 20 డిగ్రీల నీళ్లు హాయి. 25 దాటితే తిండి మానేస్తాయి, నీళ్లలోంచి బయటపడాలని చూస్తాయి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, వాటి ఒంటికేమో ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. చర్మంతో కూడా ఊపిరి తీసుకునే జీవికి అది ఎంత కష్టమో చూడండి. మన ఊళ్లో డిసెంబర్ రాత్రి 18 డిగ్రీలంటే మనం స్వెట్టర్ వెతుక్కుంటాం గానీ, వాటికి అదే మంచి కాలం.

ఇక ఫ్రిజ్ మాట. దయచేసి వద్దు. చలి దేశాల న్యూట్లు ఒక్క రోజులో నిద్రలోకి జారుకోవు. వారాల తరబడి వాతావరణం చల్లబడుతుంటే తిండి తగ్గించి, కడుపు ఖాళీ చేసుకుని, రాళ్ల కిందకో కుళ్లిన దుంగల్లోకో చేరతాయి. చెరువు మీద మంచు గడ్డకట్టినా, లోతుంటే అడుగున నీళ్లు 4 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి అక్కడా బతుకుతాయి. ఒళ్లే గడ్డకడితే మాత్రం చాలా జాతులు చచ్చిపోతాయి. న్యూట్ల బంధువైన సైబీరియా సాలమాండర్ లాంటి ఒకటి రెండు జాతులకే ఆ శక్తి ఉంది. కడుపులో తిండి ఉండగా ఉన్నట్టుండి ఫ్రిజ్‌లో పెడితే అది అరక్క లోపలే కుళ్లుతుంది. పైగా సుప్తావస్థ లేకపోయినా మీ న్యూట్లు ఆరోగ్యంగా బతుకుతాయి. చల్లని నెలలు గడిస్తే గుడ్లు పెట్టే తరుణం వస్తుంది, అంతే.

స్టూడెంట్లతో డార్జిలింగ్ వెళ్లినప్పుడు మన హిమాలయ న్యూట్‌ను చూశాను. గోధుమరంగు ఒళ్లు, వెన్నుకు రెండు పక్కలా వరసగా బుడిపెలు, తడిగడ్డిలో తాపీగా నడక. చలికాలమంతా దాక్కుని వానలకు బయటికొస్తుంది. దాన్ని ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరం, ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

నీళ్లు గది వేడికి దిగాక రెండు మూడు రోజులు ఆగి, బతికున్న ఎర్రపురుగులు (బ్లడ్‌వార్మ్స్) గానీ చిన్న వానపాము ముక్క గానీ వేయండి. కదిలేదాన్నే అవి ముందు పట్టుకుంటాయి. అప్పటికీ తినకపోయినా, ఒంటి మీద తెల్లటి బూజు కనబడినా వెటర్నరీ డాక్టరుకు చూపించండి.

మీరు భయపడాల్సింది ఏప్రిల్, మేలకు. ఎండ 40 దాటే ఊరు మనది. తొట్టిని ఇప్పుడే కింది అంతస్తులో, ఎండపడని గదికి మార్చండి. గాజు మూత తీసి దోమతెర బిగించి, నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. తెర వదులుగా ఉంటే గాజు పాక్కుంటూ బయటికొచ్చేస్తాయి. మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్లు మాత్రం పోయకండి. న్యూట్ల చర్మంలో విషం ఉంటుంది, ముట్టుకున్నాక పిల్లవాడి చేత సబ్బుతో చేతులు కడిగించండి.